అమెరికా కాలేజీలో చేరేముందు చేయాల్సిన ఆన్‌లైన్ మద్యం పాఠం: ఎలా పూర్తిచేయాలి

జూలై నెల. విజయవాడలో ఓ ఇంటి హాలు. ఫ్యాను కింద అబ్బాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. స్పీకరులో ఓ అమెరికన్ గొంతు బీరు, వోడ్కా, షాట్ల కొలతలు వల్లెవేస్తోంది. పక్కనే వెల్లుల్లి ఒలుచుకుంటున్న నాయనమ్మకు మిగతాది తెలియకపోయినా ఆ మూడు మాటలూ తెలిశాయి. "ఇంజనీరింగుకని కదా పంపుతున్నాం, ఇదేమి చదువురా?" అని అడిగింది. వాడు నాకు ఫోన్ చేశాడు. "అక్కా, ఇది తప్పనిసరిగా చేయాలా? నేను అసలు తాగనే తాగను కదా."

చేయాలి. తాగనివాళ్లు ఇంకాస్త శ్రద్ధగా చేయాలి. పార్టీ ముగిశాక స్పృహలో మిగిలేది వాళ్లే. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నిర్ణయం తీసుకోవాల్సిందీ వాళ్లే. నేను పద్దెనిమిదేళ్లప్పుడు బ్యాచిలర్స్ కోసం వెళ్లినప్పుడు ఈ పాఠాన్ని రెండో కిటికీలో వీడియో ఆడిస్తూ, మొదటి కిటికీలో పాత సినిమా చూస్తూ దాటించేశాను. తర్వాత అందులో సగం మళ్లీ చదువుకోవాల్సి వచ్చింది. ఎందుకో కింద చెబుతాను.

మెయిల్ వెతికి పట్టుకోండి

పాఠం తాలూకు కబురు మీ జీమెయిల్‌కు రాదు. సీటు ఖరారయ్యాక విశ్వవిద్యాలయం మీకు ఇచ్చిన కొత్త మెయిల్ చిరునామాకు వస్తుంది. వీసా ఇంటర్వ్యూ, బ్యాంకు పత్రాలు, సూట్‌కేసుల బరువు అంటూ తిరిగే రోజుల్లో ఆ పెట్టె ఎవరూ తెరవరు. జూన్ నుంచి వారానికి రెండుసార్లు తెరవండి.

ఇంకో చిక్కు ఉంది. పంపినవారి చోట విశ్వవిద్యాలయం పేరు కాకుండా ఏదో కంపెనీ పేరు ఉండొచ్చు. చాలా కాలేజీలు వాడే పాఠం పేరు ఆల్కహాల్ ఎడ్యు. దాన్ని అవుట్‌సైడ్ ది క్లాస్‌రూమ్ అనే సంస్థ తయారుచేసింది. 2011లో ఎవర్‌ఫై కొనుక్కుంది. ఇప్పుడది వెక్టర్ సొల్యూషన్స్ చేతిలో ఉంది. కొన్ని చోట్ల శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన ఈ-చెకప్ టు గో అనేది ఇస్తారు. ఇంతకుముందు వినని పేరుతో, 'వెంటనే పూర్తిచేయండి' అంటూ లింకుతో మెయిల్ వస్తే మోసమేమోనని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం. అందుకే మెయిల్‌లోని లింకు నొక్కకండి. విశ్వవిద్యాలయం సైటులో మీ విద్యార్థి ఖాతా తెరిచి, కొత్త విద్యార్థులు చేయాల్సిన పనుల జాబితా చూడండి. పాఠం నిజమైనదైతే టీకాల పత్రాల పక్కనే అదీ కనబడుతుంది.

అక్కడే గడువు తేదీ ఉంటుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. అమెరికాలో నెల ముందు రాస్తారు, రోజు తర్వాత రాస్తారు. 08/09 అంటే ఆగస్టు 9. సెప్టెంబరు 8 అనుకుని తీరిగ్గా కూర్చుంటే నెల రోజులు పోతాయి. ఇక రాత్రి 11:59 అన్నది వాళ్ల రాత్రి. వేసవిలో న్యూయార్క్ కాలమానమైతే మనకు మర్నాడు ఉదయం 9:29, కాలిఫోర్నియా అయితే మధ్యాహ్నం 12:29. గడువు దాటితే మీ ఖాతా మీద 'హోల్డ్' పడుతుంది. అంటే తర్వాతి సెమిస్టరుకు క్లాసులు ఎంచుకోవడానికి తలుపు తెరుచుకోదు. కొన్ని కాలేజీలు జరిమానా కూడా వేస్తాయి.

ఇంత పట్టుదల ఎందుకని అడిగితే, వెనుక చట్టం ఉంది. ఫెడరల్ నిధులు తీసుకునే ప్రతి కాలేజీ మద్యం, మత్తుమందుల నివారణకు ఓ కార్యక్రమం నడపాలనీ, తన నియమాలను ఏటా విద్యార్థులందరికీ రాతపూర్వకంగా అందించాలనీ 1989 నాటి చట్టం చెబుతుంది. ఫలానా ఆన్‌లైన్ పాఠమే పెట్టమని అందులో లేదు. కాలేజీలకు అది తేలిక దారి, అంతే.

తలుపు వేసుకుని కూర్చోండి

హాలులో, అందరి మధ్యా చేయవద్దు. సిగ్గు ఒక కారణమే గానీ అసలు కారణం వేరు. నాన్న వెనక నిలబడి చూస్తుంటే సర్వేకు మీరు రాసే జవాబు ఆయన కోసం రాసినదవుతుంది.

రెండు గంటలు దగ్గర పెట్టుకోండి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు, వదిలిన చోటు గుర్తుంచుకుంటుంది. ఫోనులో కంటే కంప్యూటర్‌లో సాఫీగా నడుస్తుంది. అమెరికన్ యాస అలవాటు లేకపోతే వీడియో కింద అక్షరాలు వచ్చే బొత్తాం నొక్కండి. బరువు అడిగే చోట కిలోలు కాకుండా పౌండ్లు కావాలి. మీ కిలోలను 2.2తో గుణించండి. 60 కిలోలంటే 132. ఇక్కడ ఓ అబ్బాయి 60 అనే వేసి, రెండు బీర్లకే తాను ఆసుపత్రి పాలవుతానని లెక్క తేలితే బెంబేలెత్తిపోయాడు. ఆ బరువు చిన్న పిల్లవాడిది మరి.

సర్వేలో ఉన్నదున్నట్టు రాయండి

పాఠానికి ముందు ఓ సర్వే ఉంటుంది. గత రెండు వారాల్లో ఎన్నిసార్లు తాగారు, ఒక్కసారికి ఎంత, స్నేహితులు ఎంత తాగుతారని మీ అంచనా, తాగకపోతే ఎందుకు తాగరు అని అడుగుతుంది. చాలామంది మన పిల్లలు దీన్ని వీసా ఇంటర్వ్యూలా భావిస్తారు. 'తాగుతానని రాస్తే ఐ-20 (విద్యార్థి వీసాకు ఆధారంగా కాలేజీ ఇచ్చే పత్రం) రద్దు చేస్తారా?' అని నన్ను అడిగినవాళ్లు ఇద్దరు ముగ్గురు కాదు. మొదటి పేజీలో గోప్యత గురించి రాసినది ఒకసారి చదవండి. మీరు పాఠం పూర్తిచేశారా లేదా అన్నది పేరుతో సహా కాలేజీకి తెలుస్తుంది. సర్వే జవాబులు మాత్రం బ్యాచ్ మొత్తం లెక్కగా వెళతాయి.

నిజం రాయాల్సిన ఇంకో కారణం, ఆ జవాబులను బట్టే మీకు చూపే పాఠం మారుతుంది. తాగనని రాసినవారికి ఒక దారి, ఎక్కువగా తాగేవారికి మరో దారి. హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతూనే అలవాటు చేసుకున్నవారు బుద్ధిమంతుల్లా జవాబులిస్తే, తమకు పనికొచ్చే భాగం చూడకుండానే బయటపడతారు.

స్నేహితుల గురించి అడిగే ప్రశ్న ఊరికే పెట్టింది కాదు. తోటి విద్యార్థులు ఎంత తాగుతున్నారన్న అంచనాలో దాదాపు అందరూ ఎక్కువ చేసి చెబుతారు. 'అందరూ తాగుతున్నారు' అన్న భ్రమే కొందరి చేత తాగిస్తుంది. మీ అంచనా రాశాక పాఠం అసలు లెక్క చూపిస్తుంది. ఆ పేజీని త్వరగా దాటించకండి.

వంటింట్లోకి వెళ్లి 44 మిల్లీలీటర్లు కొలవండి

క్విజ్‌లో ఎక్కువమంది తడబడేది 'స్టాండర్డ్ డ్రింక్' దగ్గర. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. 5 శాతం బీరయితే 12 ఔన్సులు, అంటే 355 మిల్లీలీటర్లు. 12 శాతం వైనయితే 5 ఔన్సులు, సుమారు 148 మిల్లీలీటర్లు. విస్కీ, వోడ్కా, రమ్ము లాంటి 40 శాతం సరుకయితే ఒకటిన్నర ఔన్సు, అంటే 44 మిల్లీలీటర్లు. మూడింటిలోనూ ఆల్కహాల్ సమానమే.

ఇది బట్టీ పట్టేకంటే కళ్లతో చూడటం మేలు. దగ్గుమందు సీసా మూత తీసుకోండి, సాధారణంగా దాని మీద గీతలుంటాయి. దానితో 44 మిల్లీలీటర్ల మంచినీళ్లు కొలిచి, మీ ఇంట్లో రోజూ నీళ్లు తాగే స్టీలు గ్లాసులో పోయండి. అడుగున కాస్త తడి, మహా అయితే రెండు వేళ్ల ఎత్తు. అంతే. ఇప్పుడు అదే గ్లాసులో కళ్లతో అంచనా వేసి, ఎవరో అతిథికి పోస్తున్నట్టు ఒక పెగ్గు పోసి, మళ్లీ మూతతో కొలవండి. మా ఇంట్లో ఈ ఆట ఆడితే మా నాన్న 'చిన్నది' అని పోసినది 95 మిల్లీలీటర్లు వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, మూత కడిగి తీసుకెళ్లింది.

మన కొలతల్ని వాళ్ల లెక్కలోకి మార్చి చూడండి. ఈ లెక్క పాఠంలో దొరకదు. మన దేశంలో అమ్మే విస్కీ సీసా మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు. అందులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్, అంటే ఒకటిన్నర డ్రింకులకు కొంచెం తక్కువ. 'క్వార్టరే కదా' అని తేలిగ్గా తీసేసే 180 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాముల పైనే ఉంటుంది. నాలుగు డ్రింకులు దాటింది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటీ దాదాపు మూడు డ్రింకులు.

ఇప్పుడు దీన్ని క్విజ్‌లో తప్పక అడిగే మరో సంఖ్య పక్కన పెట్టండి. రెండు గంటల్లో మగవారు ఐదు, ఆడవారు నాలుగు డ్రింకులు తాగితే దాన్ని 'బింజ్' అంటారు. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరే మోతాదు అది. మన ఊళ్లో 'తక్కువే తాగాడు' అనిపించుకునే క్వార్టరు, ఆడపిల్ల విషయంలో ఆ గీత దాటేసింది, అబ్బాయి విషయంలో గీత దగ్గరదాకా వచ్చింది.

పార్టీల్లో ఎర్ర ప్లాస్టిక్ గ్లాసులు కనబడతాయి. వాటిలో సుమారు అర లీటరు పడుతుంది. నిండా బీరు పోస్తే ఒక గ్లాసు ఒక డ్రింకు కాదు. రంగు రంగుల పండ్లరసంలో వోడ్కా కలిపి పెద్ద పాత్రలో పెట్టి, గరిటెతో పోస్తుంటే అందులో ఎంత ఉందో పోసేవాడికీ తెలియదు. ఆ పాత్ర జోలికి పోవద్దని పాఠం చెబుతుంది. నేనూ అదే చెబుతున్నాను.

దిగడానికి పట్టే సమయం కూడా లెక్కించండి. రక్తంలోని ఆల్కహాల్ శాతాన్ని శరీరం గంటకు సుమారు 0.015 చొప్పున తగ్గిస్తుంది. రాత్రి రెండింటికి 0.15 దగ్గర ఉన్న మనిషి సున్నాకు రావడానికి మర్నాడు మధ్యాహ్నం అవుతుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం, మజ్జిగ, నిమ్మరసం ఈ వేగాన్ని పెంచవు. కాఫీ తాగించిన తాగుబోతు మెలకువగా ఉన్న తాగుబోతు అవుతాడు, అంతే తేడా.

కొన్ని మాటలు ముందే తెలిసి ఉంటే క్విజ్ సాఫీగా సాగుతుంది

'ప్రూఫ్' అన్నది శాతానికి రెట్టింపు. 80 ప్రూఫ్ అంటే 40 శాతం. 'ప్రీగేమింగ్' అంటే పార్టీకి వెళ్లేముందే గదిలో తాగి బయల్దేరడం. అక్కడ ఖర్చు తగ్గుతుందని మొదలుపెడతారు, రెండు చోట్లా తాగడంతో ముగుస్తుంది. 'టాలరెన్స్' అంటే అలవాటు వల్ల ఎంత తాగినా ఎక్కనట్టు అనిపించడం. ఎక్కనట్టు అనిపిస్తుందే తప్ప రక్తంలో లెక్క మాత్రం మారదు. 'నాకేం కాదు' అనేవాడే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

'బ్లాకౌట్' దగ్గర మన పిల్లలు తప్పు చేస్తారు. సొమ్మసిల్లిపోవడం అనుకుంటారు. బ్లాకౌట్‌లో మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, క్యాబ్ పిలుస్తాడు, పాటకు గొంతు కలుపుతాడు. మెదడు మాత్రం ఏదీ నమోదు చేసుకోదు. మర్నాడు ఎంత గింజుకున్నా ఆ గంటలు తిరిగి రావు. సొమ్మసిల్లడానికి వేరే మాట ఉంది, 'పాస్ అవుట్'.

'కన్సెంట్' అంటే సమ్మతి. తాగి తూలుతున్న మనిషి ఇచ్చే 'సరే' సమ్మతి కింద లెక్కకు రాదు. దీనికి సాధారణంగా వేరే పాఠం ఉంటుంది, అదీ తప్పనిసరే.

ఉత్తీర్ణతకు సాధారణంగా 70 శాతం మార్కులు కావాలి. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) గట్టెక్కినవాళ్లకు ఇదో లెక్కా అనిపిస్తుంది గానీ, పైన చెప్పిన కొలతలు చూడకుండా కూర్చుంటే మొదటిసారి తప్పుతారు.

వీడియోలోని ఇల్లు, మీరు వెళ్లబోయే ఇల్లు

పాఠంలో చూపే పార్టీ అంతా ఫ్రాటర్నిటీ ఇళ్లలో (అబ్బాయిల సంఘాలవాళ్లు కలిసి ఉండే ఇళ్లు), స్టేడియం బయట జరుగుతుంది. పెద్ద హాలు, పెద్ద సంగీతం, పొడుగ్గా ఉన్న తెల్ల అబ్బాయిలు. మన పిల్లలు అది చూసి 'మనం అలాంటి చోట్లకు వెళ్లం' అనుకుని ఊపిరి పీల్చుకుంటారు.

మీకు మొదటి గ్లాసు అందించేది వాళ్లు కాకపోవచ్చు. శనివారం రాత్రి రెండు పడక గదుల అపార్టుమెంటులో ఎనిమిది మంది మనవాళ్లు. నేల మీద పరిచిన పేపరు, దాని మీద అల్యూమినియం పళ్లెంలో బిర్యానీ. టీవీలో క్రికెట్. విమానాశ్రయానికి వచ్చి మీ సూట్‌కేసు మోసిన సీనియరే అక్కడ పోస్తాడు. 'ఒక్కటే కదా, ఏమవుతుంది?' అని అడుగుతాడు. పరాయివాడికి 'వద్దు' అనడం తేలిక. రెండు వారాలు తన గదిలో పడుకోనిచ్చిన అన్నకు 'వద్దు' అనడం కష్టం. పాఠంలో తిరస్కరించే పద్ధతులున్న భాగం వచ్చినప్పుడు ఆ అన్న ముఖాన్ని మనసులో పెట్టుకుని జవాబులు రాయండి.

మాటలు ముందే సిద్ధం చేసుకోవడం మంచిదని నా అనుభవం. 'నాకు పడదన్నా' అంటే వాదన మొదలవుతుంది. 'రేపు ఉదయం ల్యాబు ఉందన్నా, ఇవాళ వడ్డన నాది' అని లేచి గరిటె అందుకుంటే ఎవరూ బలవంతం చేయరు. చేతిలో గ్లాసు ఖాళీగా లేకపోతే సగం గొడవ ఉండదు. అందులో కోక్ ఉందా, మరొకటి ఉందా అని తొంగిచూసేంత తీరిక ఎవరికీ ఉండదు.

సూట్‌కేసులోని మందుల సంచి గురించి ఒక మాట. ప్రతి ఇంట్లోనూ డోలో, సెట్రిజిన్ కట్టలు కట్టలుగా పెట్టి పంపుతారు. సెట్రిజిన్ మీద మద్యం పడితే మగత బాగా పెరుగుతుంది. బాగా తాగిన మర్నాడు తలనొప్పికి డోలో మీద డోలో వేసుకుంటే కాలేయానికి దెబ్బ. డోలోలో ఉండే పారాసిటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే ఆ పేరే చెప్పండి.

లేపినా లేవని మనిషి

పాఠంలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ భాగం రెండుసార్లు చూడండి. నేను సినిమా చూస్తూ దాటించినది ఇదే.

మొదటి ఏడాది అక్టోబరులో ఓ రాత్రి ఒంటిగంట దాటాక మా గదికి పిలుపు వచ్చింది. పై అంతస్తులో, స్నానాల గది నేల మీద, పసుపు రంగు కాలిపట్టా పక్కన ఓ అమ్మాయి వెల్లకిలా పడి ఉంది. వయసు 19. చుట్టూ నలుగురం. ఒకరు నిమ్మరసం పిండుతున్నారు. ఇంకొకరు మజ్జిగ కలుపుతామంటున్నారు. 'పడుకోనిద్దాం, పొద్దున్నకి దిగిపోతుంది' అన్నది మూడో మాట. ఆ మూడూ తప్పే. స్పృహ లేని మనిషి గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కడుపులో ఉన్నది ఇంకా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది కాబట్టి నిద్రలోనే పరిస్థితి ముదురుతుంది.

చూడాల్సినవి ఇవి. భుజం తట్టి, పేరు పెట్టి గట్టిగా పిలిస్తే కళ్లు తెరుస్తున్నారా? నిమిషానికి ఎన్ని ఊపిర్లు? ఎనిమిదికి తగ్గినా, ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య పది సెకన్లు పట్టినా ప్రమాదం. చర్మం చల్లగా, తడిగా ఉందా? పెదవులు, గోళ్లు నీలంగా మారాయా? మన ఛాయలో నీలం తేలిగ్గా కనబడదు, పెదవి లోపలి వైపు, గోళ్ల కింద చూడండి. స్పృహ లేకుండానే వాంతి అవుతోందా? వీటిలో ఒక్కటి కనిపించినా చాలు, అన్నీ కనిపించేదాకా ఆగకండి. నేను ఫోనులో గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి ఏడు.

అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. మొదట చిరునామా చెప్పండి. లైన్ తెగినా వాళ్లు రాగలగాలి. భవనం పేరు, అంతస్తు, గది నంబరు. ఆ క్షణంలో ఎవరికీ గుర్తురావు. అందుకే చేరిన మొదటి రోజే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. తర్వాత వయసు, ఏమి తాగారు, ఏదైనా మందు వేసుకున్నారా, ఇప్పుడు ఊపిరి ఎలా ఉంది. వాళ్లు ఫోను పెట్టమనేదాకా పెట్టకండి.

ఈలోగా ఆ మనిషిని పక్కకు తిప్పాలి. దగ్గరున్న చేయి తలవైపు చాచండి. దూరంగా ఉన్న మోకాలు మడవండి. ఆ మోకాలూ భుజమూ పట్టుకుని మీ వైపు దొర్లించండి. రెండో చేతిని చెంప కింద ఉంచి, నోరు కాస్త నేలవైపు ఉండేలా తల సర్దండి. వాంతి అయినా బయటికే పోవాలి. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. ఇంట్లో తమ్ముడి మీదో చెల్లెలి మీదో రెండుసార్లు సాధన చేసి చూడండి. నవ్వుకుంటూ నేర్చుకున్నది చేతికి గుర్తుంటుంది.

పరిస్థితి ఏమిటో తేల్చుకోలేకపోతే, మనిషి మెలకువగానే ఉంటే, విషప్రభావాల సలహా కేంద్రం నంబరు 1-800-222-1222. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు అడగరు.

ఫోన్ చేయడానికి భయపడేది ఎందుకో నాకు తెలుసు. పోలీసులు వస్తారు, కాలేజీకి తెలుస్తుంది, వీసా పోతుంది, అంబులెన్సు బిల్లు ఎవరు కడతారు. చాలా రాష్ట్రాల్లో, చాలా కాలేజీల్లో 'మెడికల్ ఆమ్నెస్టీ' నియమం ఉంది. ప్రాణం కాపాడటానికి సాయం పిలిచినవారినీ, ఆ సాయం అందుకున్నవారినీ తాగే వయసు రాకముందే తాగినందుకు శిక్షించరు. నియమం రాష్ట్రానికో తీరుగా ఉంటుంది కాబట్టి మీ కాలేజీ పేరు పక్కన ఈ రెండు మాటలూ కొట్టి ముందే చదువుకోండి. బిల్లు నిజంగానే వస్తుంది, కొంత ఇన్సూరెన్సు భరిస్తుంది. ఆ రాత్రి బిల్లు ఆ అమ్మాయి ఆర్నెల్లు వాయిదాల మీద కట్టింది. కాలేజీ ఆమెను ఓ కౌన్సెలింగుతో వదిలేసింది. పసుపు కాలిపట్టా మాత్రం ఆ అమ్మాయే కొత్తది కొనిచ్చింది.

చట్టం గురించి పాఠం చెప్పనిది

తాగే వయసు 21 అని పాఠం చెబుతుంది. 1984 నాటి ఫెడరల్ చట్టం వల్ల రాష్ట్రాలన్నీ ఆ వయసుకు వచ్చాయి. ఆంధ్ర, తెలంగాణల్లో కూడా చట్టం ప్రకారం 21 ఏళ్లే. తేడా అమలులో ఉంది. అక్కడ దుకాణంలో గుర్తింపు కార్డు అడుగుతారు. దీనికోసం పాస్‌పోర్టు జేబులో వేసుకుని తిరగకండి. రాష్ట్ర గుర్తింపు కార్డు తీసుకోండి. దొంగ కార్డు జోలికి అసలే పోవద్దు, దేశం బయటి విద్యార్థికి అది మామూలు అల్లరి కింద పోదు. మీకు 21 నిండినా, నిండని వారికి పోస్తే తప్పు మీదే.

పాఠం అమెరికన్ పిల్లల కోసం రాసింది. అందుకే ఎఫ్-1 అనే విద్యార్థి వీసా సంగతి అందులో ఉండదు. తాగి బండి నడుపుతూ దొరికితే అమెరికన్ విద్యార్థికి కోర్టు, జరిమానా, లైసెన్సు తిప్పలు. మీకు వాటితో పాటు ఇంకోటి. కేసు రుజువు కాకముందే, అరెస్టు మాత్రంతోనే విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయవచ్చు. 2015 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. తర్వాత ఎప్పుడు వీసా దరఖాస్తు పెట్టినా, 'ఎప్పుడైనా అరెస్టయ్యారా?' అన్న ప్రశ్నకు అవునని రాయాలి, కేసు కొట్టేసినా సరే. బండి నడపడానికి పరిమితి 0.08 అని చదివి, అంతవరకూ పరవాలేదు అనుకోవద్దు. యూటాలో 0.05. 21 నిండనివారికి ఎక్కడైనా దాదాపు సున్నా. అలాంటి చిక్కు వస్తే ముందు వలస చట్టం తెలిసిన వకీలుతో, తర్వాత కాలేజీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంతో మాట్లాడండి. వాట్సాప్ గుంపులో పెట్టవద్దు.

ఇంట్లోవాళ్లకు తెలుస్తుందా అని కూడా అడుగుతారు. 21 నిండని విద్యార్థి మద్యం నియమం తప్పితే తల్లిదండ్రులకు చెప్పే వీలు 1998 నుంచి కాలేజీలకు ఉంది. చెప్పి తీరాలని లేదు, ఎవరి పద్ధతి వారిది. ఈ ముక్క తల్లిదండ్రులు కూడా చదువుతుంటే వారికో మాట. పాఠం వచ్చిందంటే మీ పిల్లలు ఏదో చేశారని కాదు, చేరే ప్రతి ఒక్కరికీ వస్తుంది. ఇలాంటి పాఠాలను చిన్నచూపు చూడటానికి మనకు హక్కు లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించింది, రాత్రిబడిలో అక్షరాస్యతా వాచకంలో ఓ పాఠం చదివిన తర్వాతే.

ఆన్‌లైన్ పాఠానికి అంత బలం ఉందని నేను చెప్పను. 30 కాలేజీల్లో చేసి 2011లో వెలువరించిన పరిశోధనలో, ఆల్కహాల్ ఎడ్యు ఉన్న చోట మొదటి సెమిస్టరులో తాగుడు తగ్గింది. వసంతం వచ్చేసరికి ఆ తేడా నిలవలేదు. అయినా మొదటి ఆరు వారాలే అన్నిటికంటే ప్రమాదకరమని చెప్పే చోట, మొదటి సెమిస్టరు గడవడం చిన్న సంగతేమీ కాదు.

రెండో భాగం వదిలేయకండి

క్విజ్ అయిపోగానే అభినందనలు అంటూ పేజీ వస్తుంది. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు, నాలాగే. మొదటి భాగం తర్వాత 30 నుంచి 45 రోజులు ఆగి రెండో భాగం తెరుచుకుంటుంది. కాలేజీలో చేరాక మీ అలవాట్లు ఏమైనా మారాయా అని అడిగే చిన్న సర్వే, కొద్దిగా పాఠం. ఇరవై నిమిషాల పని. అప్పటికి మీరు మధ్యంతర పరీక్షల్లో మునిగి ఉంటారు. మెయిల్ వస్తుంది, కిందికి జారిపోతుంది.

నవంబరులో వసంతకాలం క్లాసులు ఎంచుకునే రోజు, ఉదయం ఏడింటికి లేచి కూర్చుంటే నా ఖాతా మీద ఎర్రని పట్టీ. ఎందుకో తెలుసుకునేసరికి తొమ్మిది. పూర్తిచేసేసరికి తొమ్మిదిన్నర. హోల్డ్ తీసేసరికి మర్నాడు. నాకు కావాల్సిన కెమిస్ట్రీ ల్యాబు నిండిపోయింది. సెమిస్టరంతా శుక్రవారం సాయంత్రం ల్యాబులో గడిపాను.

మొదటి భాగం పూర్తిచేసిన రోజే ఫోను క్యాలెండరులో 45వ రోజుకు గంట పెట్టుకోండి. రెండు భాగాలకూ వేర్వేరుగా ధ్రువీకరణ పేజీ వస్తుంది. పేరూ తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచి, పాస్‌పోర్టు కాపీ, ఐ-20 ఉన్న ఫోల్డరులోనే పెట్టండి. పూర్తిచేశాక కూడా ఖాతాలో హోల్డ్ కనబడితే ఒకటి రెండు పని దినాలు ఆగి, ఆ పీడీఎఫ్ జతచేసి విద్యార్థి వ్యవహారాల కార్యాలయానికి మెయిల్ రాయండి. కొత్త మెయిల్ చిరునామా నుంచే రాయండి. జీమెయిల్ నుంచి రాస్తే మీరెవరో వాళ్లకు తెలియదు.